తూటా పేలకపోతే మొదటి నిమిషంలో ఏం చేయాలి, తప్పు తూటాదా రైఫిల్‌దా ఎలా తేల్చుకోవాలి

మహారాష్ట్రలోని సిరోంచ, రాజురా, జివతి, కోర్పనా వైపు పంట కాపుదలకో ఆత్మరక్షణకో లైసెన్సుతో రైఫిల్ ఉంచుకున్న తెలుగువాళ్లూ, బల్లార్‌పూర్, చంద్రపూర్‌లలో కాపలా ఉద్యోగాల్లో ఉన్న మాజీ సైనికులూ నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఫ్యాక్టరీ తూటాయే కదా, డబ్బా విప్పి వేశాను, పేలలేదు, ఇక ఈ తూటాలను నమ్మవచ్చా?" ఆయుధాల మరమ్మతు పనిలో చాలా ఏళ్లు గడిపినవాడిగా నేను చెప్పగలిగినది ఇది: నా చేతికి వచ్చిన పేలని తూటాల్లో ఎక్కువ వాటి కథ ఫ్యాక్టరీలో కాక, అవి ఇంట్లో ఏ మూల పడి ఉన్నాయో అక్కడ మొదలైంది. ప్రమాదాలు మాత్రం పేలని తూటా వల్ల కాదు, అది పేలకపోయిన తరువాత గడిచే మొదటి నిమిషంలో మనిషి చేసే తొందర పని వల్ల జరుగుతాయి. అందుచేత ఈ వివరణలో ఆ నిమిషానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా లైసెన్సు ఉన్న బోల్ట్ రైఫిల్‌కు, అంటే తూటా కూర్చునే గదిని వెనుక నుంచి మూసే బోల్ట్‌ను చేత్తో తెరిచి మూసే రైఫిల్‌కు, ముఖ్యంగా మన దగ్గర ఎక్కువగా కనిపించే .315 రైఫిల్‌కు వర్తిస్తుంది. సైన్యం వాడే .303 తూటాలు పౌరుల చేతికి అందకూడదన్న ఉద్దేశంతో బ్రిటిష్ ప్రభుత్వ కాలంలో ఈ కొలతను ముందుకు తెచ్చారు; .303 ఇప్పటికీ మన దేశంలో నిషిద్ధ బోరే. నాటు తుపాకుల గురించి, మూతి నుంచి మందు నింపే భర్మార్‌ల గురించి నేనేమీ చెప్పను. వాటిని భద్రంగా వాడే పద్ధతి అంటూ ఏదీ లేదు.

దగ్గర ఉంచుకోవలసినవి

లైసెన్సు పుస్తకం, తూటాలు కొన్న బిల్లు, తూటాల అసలు డబ్బా, గొట్టం పొడవుకు సరిపడే శుభ్రపరిచే కడ్డీ లేదా పుల్‌త్రూ (గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగే తాడు), మెత్తని ఫ్లానెల్ గుడ్డ ముక్కలు, తుపాకీ నూనె, చిన్న టార్చిలైటు, భూతద్దం, కళ్లకు మామూలు అద్దాలైనా సరే, చెవులకు రక్షణ, గాలి చొరబడని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో వేయడానికి చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, ఒక చిన్న నోటు పుస్తకం. సైకిల్ ఆకు పుల్ల లాంటి సన్నని గట్టి తీగ ఒకటి, కొసను కొద్దిగా వంచి ఉంచుకోండి. దాని పని చివర్లో వస్తుంది.

1. కొనేటప్పుడే చూసుకోండి

లైసెన్సు ఉన్న దుకాణంలో తప్ప మరెక్కడా తూటాలు కొనకండి. ప్రాణహిత అవతలి నుంచి చుట్టం తెచ్చిచ్చిన నాలుగు తూటాలు మంచివే అనిపించవచ్చు. కానీ అవి మీ లైసెన్సులో నమోదు కావు గనుక వాటిని దగ్గర ఉంచుకోవడమే నేరం అవుతుంది, పైగా వాటిని ఎన్ని వానాకాలాలు ఎక్కడ దాచారో మీకు తెలియదు. వాడిన ఇత్తడి తొడుగుల్లో తిరిగి మందు నింపి కొత్తవాటిలా అమ్మే తూటాలు కూడా ఇలాంటి చేతుల్లోంచే వస్తాయి. అలాంటి తూటాలో మందు ఎంత పడిందో, ఏ రకం మందు పడిందో నింపినవాడికే తెలియదు. డబ్బా లేకుండా విడిగా చేతిలో పెట్టే తూటాను ఎవరిచ్చినా తీసుకోకండి.

డబ్బా మీద లాట్ (ఒకే విడతలో తయారైన తూటాల) నంబరు, తయారైన సంవత్సరం ఉంటాయి. వాటిని బిల్లుతో పాటు నోటు పుస్తకంలో రాసుకోండి. తూటా అడుగున ముద్రించిన కొలత, రైఫిల్ మీద చెక్కిన కొలత అక్షరం అక్షరం ఒకటేనా అని చూడండి. అడుగున కె.ఎఫ్. అనే గుర్తు ఉంటే అది పుణె దగ్గర ఖడ్కీలోని మందుగుండు ఫ్యాక్టరీది. పాత పేరు కిర్కీ కాబట్టి ఆ అక్షరాలు. 1869లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2021 అక్టోబరు నుంచి మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద ఉంది. .315 రైఫిళ్లు తయారుచేసే ఈశాపూర్ ఫ్యాక్టరీ అప్పటి నుంచి కాన్పూరు కేంద్రంగా ఉన్న వేరే ప్రభుత్వ సంస్థ కిందికి వెళ్లింది. ఫిర్యాదు చేయవలసి వస్తే తూటాకు ఒక గడప, తుపాకీకి మరొక గడప అని గుర్తుంచుకోవడానికే ఈ సంగతి చెప్పాను.

ఇంట్లో 12 బోరు తుపాకీ కూడా ఉన్నవారికి ఒక హెచ్చరిక. 20 బోరు కార్తూసు 12 బోరు గొట్టంలో జారి లోపల ఇరుక్కుంటుంది, తూటా కూర్చునే గది ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది, దాని వెనుక మరో 12 బోరు కార్తూసు పట్టేస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే గొట్టం చీలిపోతుంది. రెండు కొలతల కార్తూసులను ఒకే జేబులో, ఒకే డబ్బాలో ఎన్నడూ వేయకండి.

2. ప్రతి తూటానూ వెలుతురులో పరీక్షించండి

రైఫిల్‌ను వేరే గదిలో ఉంచి ఈ పని చేయండి. తూటాలను సమతలంగా ఉన్న గాజు పలక మీద అడుగు కిందికి ఉండేలా వరుసగా నిలబెట్టండి. అన్నిటి ఎత్తూ ఒకేలా కనిపించాలి. ఏదైనా పొట్టిగా ఉంటే దాని గుండు తొడుగు లోపలికి నెట్టుకుపోయిందని అర్థం. మందుకు చోటు తగ్గి, పేలినప్పుడు ఒత్తిడి హద్దు దాటుతుంది. గుండును వేళ్లతో మెల్లగా తిప్పి చూడండి, కదిలితే ఆ తూటా పక్కకు పెట్టండి.

తరువాత అడుగు భాగం మీద బొటనవేలు రాయండి. మధ్యలో ఉండే ప్రైమర్, అంటే సూది తగిలే చిన్న టోపీ, అడుగుతో సమంగానో వెంట్రుకవాసి లోపలికో ఉండాలి. వేలికి తగిలేలా పైకి ఉబికి ఉంటే అది రైఫిల్‌లోకి వెళ్లకూడదు. చివరగా భూతద్దంతో మెడ భాగం చూడండి. నిలువుగా సన్నని చీలిక, పచ్చని చిలుము, లోతైన సొట్ట, వీటిలో ఏది కనిపించినా ఆ తూటా పనికిరాదు. ఇత్తడి కొంచెం మసకబారి గోధుమ రంగుకు తిరిగితే మాత్రం భయపడనక్కరలేదు.

చిలుమును గరుకు కాగితంతో రుద్ది తూటాను మళ్లీ డబ్బాలో పెట్టేవారున్నారు. అది అన్నిటికంటే చెడ్డ పని. చిలుము పోతుంది గానీ అది తిన్న ఇత్తడి తిరిగి రాదు, పైగా తరువాత చూసేవారికి గుర్తు కూడా మిగలదు.

3. రైఫిల్‌ను ముందే చూసుకోండి

మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, గది ఖాళీ అని కంటితోనూ చిటికెన వేలితోనూ నిర్ధారించుకున్న తరువాతే మిగతా పని. బోల్ట్‌ను పూర్తిగా బయటికి తీసి, వెనుక వైపు నుంచి గొట్టంలోకి చూడండి; మూతి దగ్గర తెల్ల కాగితం పట్టుకుంటే లోపల వెలుతురు నిండి గాడులు స్పష్టంగా కనిపిస్తాయి. మూతి వైపు నుంచి కన్ను పెట్టి చూసే అలవాటు బోల్ట్ తీసి ఉన్నా మానుకోండి. గోడకు తగిలించిన తుపాకీ గొట్టంలో కుమ్మరి పురుగు మట్టితో గూడు కట్టడం నేను చాలాసార్లు చూశాను. బయటికి ఏమీ తెలియదు. ఆ పిడికెడైనా లేని మట్టి చాలు, గొట్టం ఉబ్బిపోవడానికి.

గొట్టంలోనూ తూటా కూర్చునే గదిలోనూ ఉన్న నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తుడవండి. నూనె రాసి ఉంచడం నిలవకు మంచిది, కాల్చే ముందు మాత్రం కాదు. పేలిన క్షణంలో ఇత్తడి తొడుగు గది గోడలను పట్టుకుని కొంత బరువు మోస్తుంది. అక్కడ నూనె ఉంటే ఆ పట్టు తప్పి, దెబ్బంతా బోల్ట్ మీద పడుతుంది. బోల్ట్ మీది నంబరూ రైఫిల్ మీది నంబరూ ఒకటేనా అని కూడా చూడండి. వేరే రైఫిల్ బోల్ట్ పట్టేసినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. తూటాకూ బోల్ట్‌కూ మధ్య ఉండవలసిన ఎడం దానితో మారిపోతుంది. ఆ ఎడాన్ని గేజితో కొలవాలి, ఇంట్లో కాగితం ముక్కలతో కాదు. లైసెన్సు ఉన్న మరమ్మతుదారు దగ్గరికే తీసుకువెళ్లండి.

ఎన్నికల సమయంలో పోలీసు స్టేషన్‌లో జమ చేసి తిరిగి తెచ్చుకున్న రైఫిళ్లకు ఈ పరీక్ష తప్పనిసరి. 2024లో మన వైపు ఏప్రిల్‌లో లోక్‌సభకు, నవంబరులో శాసనసభకు పోలింగ్ జరిగింది. ఒకే ఏడాదిలో రెండుసార్లు జమ చేసిన తుపాకులు ఎన్నో ఉన్నాయి. జమ చేసేటప్పుడు బోల్ట్ నంబరు కూడా రసీదులో రాయించుకుంటే, తెచ్చుకునేటప్పుడు సరిచూసుకోవడం తేలిక అవుతుంది.

4. ట్రిగ్గర్ నొక్కారు, ఏ శబ్దమూ రాలేదు

ఇదే ఆ నిమిషం. రైఫిల్‌ను భుజం నుంచి దించవద్దు, తిప్పవద్దు, "ఏమైంది?" అని పక్కవాడి వైపు తిరగవద్దు. మూతి ఎటు ఉందో అటే ఉండనివ్వండి. వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసేయండి. ఒకటి నుంచి అరవై దాకా నిదానంగా లెక్కపెట్టండి. తయారీదారుల సాధారణ సూచన కనీసం 30 సెకన్లు. పొలంలో చేతులు వణుకుతున్నప్పుడు మనం లెక్కపెట్టే ముప్పై ఎప్పుడూ పదిహేనే కాబట్టి నేను అరవై అంటాను. ఎందుకంటే చెమ్మ తగిలిన ప్రైమర్ ఒక్కోసారి వెంటనే కాక కాస్త ఆలస్యంగా అంటుకుంటుంది. ఆ వ్యవధిలో బోల్ట్ తెరిచి ఉంటే తూటా తాళం లేని గదిలో పేలుతుంది. ఇత్తడి ముక్కలూ వేడి వాయువూ ముఖం మీదికి వస్తాయి.

లెక్క పూర్తయ్యాక, తూటా బయటికి వచ్చే సందు మీ ముఖానికీ ఇతరులకూ ఎదురుగా లేకుండా రైఫిల్‌ను కొద్దిగా పక్కకు వంచి, తలను బోల్ట్ వెనుక నుంచి తప్పించి, బోల్ట్‌ను నిదానంగా తెరవండి. తూటాను గుప్పిట్లో పట్టుకోకుండా నేల మీద పడనివ్వండి. కొంతసేపు దాన్ని అక్కడే వదిలేయండి.

బోల్ట్ వెనుక ముడిని వేలితో లాగి అదే తూటాను రెండోసారి కొట్టించడం చాలామందికి అలవాటు. మానుకోండి. అది పేలితే మీకు ఏమీ తెలియకుండా పోతుంది; పేలకపోతే మొదటి దెబ్బ గుర్తు చెరిగిపోతుంది, అప్పుడు తప్పు ఎవరిదో తేల్చే దారి మూసుకుపోతుంది.

5. ట్రిగ్గర్ నొక్కారు, తుస్సుమంది

అన్ని వైఫల్యాల్లోకీ ఇది ప్రమాదకరమైనది, ఎందుకంటే ఇందులో తూటా "పేలినట్టే" అనిపిస్తుంది. శబ్దం మామూలు కంటే తక్కువగా వచ్చినా, భుజానికి తన్ను తగలకపోయినా, మూతి నుంచి కాక బోల్ట్ చుట్టూ పొగ వచ్చినా, అక్కడితో ఆపేయండి. మందు సరిగా అంటుకోక గుండు గొట్టం మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు. అడవి పంది ఇంకా ఎదురుగానే ఉందన్న తొందరలో బోల్ట్ లాగి తరువాతి తూటా వేస్తే, రెండో గుండు మొదటిదాన్ని ఢీకొని గొట్టం ఉబ్బుతుంది లేదా చీలుతుంది. గొట్టం మీద ఎడమ చేయి ఉంటుందన్నది మరచిపోకండి.

అరవై లెక్కపెట్టి, ఖాళీ తొడుగు తీసి, మ్యాగజైన్ తీసి, బోల్ట్ బయటికి లాగి, వెనుక నుంచి వెలుతురులో చూడండి. గొట్టం చివర గుండ్రని వెలుగు కనిపించకపోతే గుండు లోపలే ఉంది. దాన్ని ఇనుప కడ్డీతో సుత్తి పెట్టి కొట్టకండి, గాడులు పాడవుతాయి. బోల్ట్ విడిగా, రైఫిల్ విడిగా, లైసెన్సుతో సహా మరమ్మతుదారు దగ్గరికి వెళ్లండి. వెలుగు కనిపించినా పొడి గుడ్డ ఒకసారి లాగి, గొట్టం బయటి వైపు వేళ్లతో తడిమి ఎక్కడైనా ఉబ్బెత్తు తగులుతుందేమో చూడండి.

6. పేలింది, కానీ తొడుగు బయటికి రాలేదు

బోల్ట్ బిగుసుకుపోతే కాలితో తన్ని, చెక్కతో కొట్టి తెరవకండి. గది మురికిగా ఉండటం, తుప్పు గుంటలు, తొడుగు అంచును లాగే గోరు అరిగిపోవడం మామూలు కారణాలు. బోల్ట్ తెరుచుకుని తొడుగు మాత్రం లోపలే ఉండిపోతే, మూతి వైపు నుంచి శుభ్రపరిచే కడ్డీతో మెల్లగా నెట్టవచ్చు. అయితే అది పేలిన తొడుగే అని నిశ్చయించుకున్నాకే; అడుగున గుంట ఉన్నంత మాత్రాన పేలినట్టు కాదు. పేలని తూటా ఇరుక్కుంటే కడ్డీ ముట్టుకోకండి. తొడుగు అడుగు ఒక్కటే ఊడి వచ్చి, తొడుగులో మిగతా భాగం గది లోపలే ఉండిపోతే ఆ రైఫిల్ పని అక్కడితో ఆగిపోవాలి.

7. తప్పు ఎవరిదో తేల్చుకోండి

పేలని తూటా అడుగున ప్రైమర్ మీది గుంటను భూతద్దంతో చూడండి. అదే రైఫిల్‌లో బాగా పేలిన ఒక ఖాళీ తొడుగును పక్కన పెట్టుకుంటే పోలిక తెలుస్తుంది. అందుకే ప్రతి డబ్బా నుంచి రెండు ఖాళీ తొడుగులు దాచమంటాను. లైసెన్సు పునరుద్ధరణ వేళ వాడిన తూటాల లెక్క అడిగినా అవి పనికివస్తాయి.

గుంట లోతుగా, మధ్యలోనే ఉండి కూడా పేలకపోతే తూటాను అనుమానించండి. గుంట పైపైన ఉంటే తప్పు రైఫిల్‌ది: సూది వెనుక స్ప్రింగు అలసిపోయింది, సూది అరిగింది, లేదా బోల్ట్ లోపల పాత నూనె జిగురుగా గడ్డకట్టింది. చలికాలం తెల్లవారుజామున పేలక, ఎండ ఎక్కాక అదే డబ్బాలోని మరో తూటా పేలితే ఈ జిగురే కారణం కావడం నేను ఎక్కువగా చూశాను. వంటనూనె, కొబ్బరినూనె బోల్ట్‌లో వేసేవారికి ఇది తప్పదు. గుంట ఒక పక్కకు జరిగి ఉంటే, గుంట అసలే లేకపోతే, బోల్ట్ పిడి పూర్తిగా కిందికి దిగలేదేమో, సేఫ్టీ సగంలో ఆగిందేమో చూసి, కాకపోతే మరమ్మతుకు ఇవ్వండి.

పేలిన తొడుగులు కూడా మాట్లాడతాయి. ప్రైమర్‌కు రంధ్రం పడి చుట్టూ నల్లని మసి ఉంటే, ప్రైమర్ బిళ్లలా చదునైపోతే, ఒత్తిడి ఎక్కువైంది. ఆ లాట్‌ను ఆపేయండి. తొడుగు అడుగుకు కొంచెం పైన చుట్టూరా మెరిసే గీత కనిపిస్తే, ఆ వంచిన తీగను లోపలికి పంపి గోడ వెంట పైకి లాగండి. కొస ఎక్కడైనా గాడిలో పడి ఆగితే ఇత్తడి లోపల పలచబడింది, అంటే రైఫిల్‌లో ఎడం పెరిగింది. ఈ తప్పు తూటాను మారిస్తే పోదు.

8. దాచే చోటు మార్చండి

మన ఇళ్లలో తూటాలు ఉండే చోట్లు నాకు తెలుసు: అటక మీద రేకుల కింద, యూరియా బస్తాల గదిలో, గొడ్ల కొట్టాన్ని ఆనుకున్న గోడలోని గూటిలో. మూడూ చెడ్డవే. బ్రిటిష్ సైన్యం రోజుల్లో ఇదే దేశంలో వానాకాలమంతా గుర్రపు శాలల్లో నిలవ ఉంచిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతట అవే పగిలేవి. మూత్రం నుంచి లేచే అమ్మోనియా, గాలిలోని చెమ్మ కలిసి, లోపల బిగువు మిగిలి ఉన్న ఇత్తడిని చీలుస్తాయని 1921లో వెలువడిన పరిశోధన తేల్చింది. దానికి సీజన్ క్రాకింగ్ అనే పేరు నిలిచిపోయింది. గుర్రాలు పోయాయి గానీ, గొడ్లూ చెమ్మెక్కిన యూరియా బస్తాలూ అదే అమ్మోనియాను ఇస్తాయి.

తూటాలను అసలు డబ్బాతోనే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో, ఇంటి లోపలి గదిలో, నేలకూ బయటి గోడకూ దూరంగా తాళం వేసి ఉంచండి. రైఫిల్‌కు వేరే తాళం. తోలు పట్టీలో గుచ్చి నెలల తరబడి వదిలేయకండి. తోలు పదును చేసిన ఆమ్లాలే పచ్చని చిలుముకు మూలం. తూటాలకు ఏ నూనే రాయకండి, పలచని నూనె ప్రైమర్ అంచు గుండా లోపలికి దిగి దాన్ని చంపుతుంది. మే నెలలో చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు మోటారు సైకిల్ పెట్టెలో, కారు అద్దం ముందు తూటాలను వదలకండి. వేడెక్కిన తూటా ఎక్కువ ఒత్తిడితో పేలుతుంది.

9. పేలని తూటాను ఏం చేయాలి

బావిలో వేయకండి, పాతిపెట్టకండి, పొయ్యిలో వేయకండి, పటకారుతో గుండు పీకి మందు ఒంపకండి. చట్టం దృష్టిలో అది ఇంకా మీ లెక్కలోని తూటాయే. పారేస్తే మీ లైసెన్సు లెక్క తప్పుతుంది. విడి డబ్బాలో పెట్టి, "పేలనిది" అని చీటీ అంటించి, లాట్ నంబరు, తేదీ రాసి, కొన్న దుకాణంలోనో పోలీసు స్టేషన్‌లోనో ముందుగా అడిగి అప్పగించి, రసీదు తీసుకోండి.

ఒకే లాట్ నుంచి రెండో తూటా కూడా లోతైన గుంటతో పేలకపోతే, మిగిలిన తూటాలను ముట్టుకోకుండా డబ్బాతో సహా పక్కన పెట్టి, బిల్లు నకలు, ప్రైమర్ గుంటల ఫోటోలు జతచేసి దుకాణదారు ద్వారా తయారీ సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపండి. ఎన్ని కాల్చారు, ఎన్ని పేలలేదు, ఎక్కడ ఎన్నాళ్లు దాచారు అన్నవి నిజాయితీగా రాయండి. అటక మీద దాచిన సంగతి దాచిపెడితే, ఇత్తడి మీది మచ్చలు చూసి వాళ్లే కనిపెడతారు. తూటాలతో, రైఫిల్‌తో రాష్ట్రం దాటి దుకాణానికి వెళ్లవలసి వస్తే మీ లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో ముందు చూసుకోండి. సిరోంచ నుంచి వంతెన దాటితే కాళేశ్వరం పక్క ఊరిలాగే ఉంటుంది గానీ, మహారాష్ట్రకే పరిమితమైన లైసెన్సు ఆ వంతెన మధ్యలోనే ఆగిపోతుంది.